ఇల్లంతా స్మార్ట్ చేస్తే కరెంటు బిల్లు సగమవుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మూడు బెడ్‌రూముల సొంతిల్లు. నేను, మావారు, అత్తయ్య, ఇంటర్ చదివే అమ్మాయి ఉంటాం. మామూలు నెలల్లో 225 యూనిట్ల దాకా కాలుతుంది. మొన్న మే నెలలో 430 వచ్చింది. ఇంట్లో ఐదు పాత ఫ్యాన్లు, 2017లో కొన్న ఒకటిన్నర టన్నుల ఏసీ, రెండు 25 లీటర్ల గీజర్లు, పన్నెండేళ్ల నాటి డబుల్ డోర్ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఒక హెచ్‌పీ మోటారు ఉన్నాయి. బల్బులన్నీ ఎల్‌ఈడీలే. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ తన ఇంట్లో అన్నీ ఫోన్‌తో నడుస్తాయని, కరెంటు బాగా ఆదా అవుతోందని, మనింటికీ పెట్టిద్దామని పట్టుబడుతున్నాడు. ఇక్కడి డీలరు ఒకాయన వచ్చి చూసి, స్విచ్‌బోర్డులన్నీ స్మార్ట్ చేసి, హాల్లో, బాత్‌రూముల్లో సెన్సర్లు పెట్టడానికి 85 వేలు చెప్పాడు. బిల్లు సగానికి పడిపోతుందంటున్నాడు. పదివేలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. అత్తయ్యకు ఫోన్‌తో లైట్లు వేయడం రాదు. మావారు ఇదంతా దండగంటారు. డబ్బు పంపేది అబ్బాయే కాబట్టి కాదనలేక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అడ్వాన్స్ ఇవ్వకండమ్మా. ఒక నెల ఆగుతామని చెప్పండి. మీ బిల్లు తగ్గుతుంది, బాగానే తగ్గుతుంది. కానీ ఆ తగ్గేది డీలరు చూపించిన చోట కాదు.

ముందు మీ అబ్బాయి మాట. అతను చెప్పేది అబద్ధమేమీ కాదు. డాలస్‌లో మామూలుగా ఇల్లంతటికీ కలిపి సెంట్రల్ ఏసీ ఉంటుంది. మనుషులున్న గదీ లేని గదీ కలిపి చల్లబడుతుంది, చలికాలంలో వెచ్చబడుతుంది. పొద్దున అందరూ పనులకు వెళ్లిపోయినా ఆ యంత్రం నడుస్తూనే ఉంటుంది. అలాంటి ఇంట్లో ఎవరూ లేరని కనిపెట్టి తనంతట తాను సర్దుకునే థర్మోస్టాట్ (చల్లదనం, వేడి ఎంత ఉండాలో అదుపు చేసే పరికరం) పెడితే ఆదా కనిపిస్తుంది. నెస్ట్ అనే థర్మోస్టాట్ కంపెనీ 2015లో తన వినియోగదారుల లెక్కలు తీసి, హీటింగ్‌లో 10 నుంచి 12 శాతం, కూలింగ్‌లో 15 శాతం దాకా తగ్గిందని చెప్పుకుంది. పైగా టెక్సస్‌లో రాత్రిపూట కరెంటు ఉచితం అంటూ ప్లాన్లు అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి. వాషింగ్ మెషీన్‌ను రాత్రికి మార్చినా అక్కడ డబ్బు మిగులుతుంది.

మీ ఇంట్లో ఏసీ ఒక్క పడగ్గదిలోనే ఉంది. రాత్రి వేస్తారు, పొద్దున ఆపేస్తారు. మిగతా ఇల్లంతా ఫ్యాన్ల మీదే నడుస్తుంది. గదిలోంచి బయటికి వస్తూ స్విచ్ ఆపే అలవాటు మీ అత్తయ్యకు ఉండే ఉంటుంది, ఆ తరం వాళ్లకు అది చెప్పాల్సిన పని లేదు. అక్కడ థర్మోస్టాట్ చేసే పనిలో సగం ఇక్కడ ఆమె ఎప్పటినుంచో చేస్తున్నారు. పగలైనా రాత్రయినా ప్రస్తుతం మన ఇళ్లకు యూనిట్ ధర ఒకటే కాబట్టి, బట్టలు అర్ధరాత్రి ఉతికితే నిద్ర చెడడం తప్ప ఒరిగేదేమీ లేదు. వేళను బట్టి ధర మారే పద్ధతి కోసం కేంద్రం 2023లోనే నిబంధనలు సవరించింది. అది స్మార్ట్ మీటర్లతో పాటు మన ఇళ్ల దాకా వచ్చిన రోజున టైమర్లకు, ఆటోమేషన్‌కు నిజమైన విలువ వస్తుంది. అప్పటికి ఈ పరికరాలు ఇంకా మెరుగవుతాయి కూడా. మీ అబ్బాయికి ఇంతవరకూ చదివి వినిపించండి, అర్థం చేసుకుంటాడు.

ఇక డీలరు లెక్క. ఆయన పెడతానన్నవి స్విచ్‌బోర్డుల వెనక కూర్చునే చిన్న మాడ్యూళ్లు. అవి ప్రధానంగా ఆపేది లైట్లను. మీ లైట్లన్నీ ఎల్‌ఈడీలే అంటున్నారు. 9 వాట్ల బల్బులు పది, రోజుకు ఐదేసి గంటలు వెలిగినా నెలకు పదమూడున్నర యూనిట్లు. ఎవరూ లేని చోట లైట్లు ఆర్పేసి సెన్సర్లు అందులో సగం మిగిల్చాయనే అనుకుందాం. ఆరేడు యూనిట్లు వచ్చాయి. మరి ఆ మాడ్యూళ్లు వైఫైకి అంటిపెట్టుకుని, మీరు ఎప్పుడు పిలుస్తారా అని రాత్రీ పగలూ మేలుకునే ఉండాలి. ఒక్కోటి ఒక వాట్ తీసుకున్నా, పన్నెండు మాడ్యూళ్లకు నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు దాటుతుంది. మంచి రకమైతే అందులో సగమే తీసుకోవచ్చు. అయినా మిగిలేది దాదాపు సున్నా. ఇంటర్నెట్ రూటరు ఇకమీదట ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి కాబట్టి, ఇప్పుడు రాత్రిళ్లు ఆపే అలవాటు మీకుంటే ఆ ఖర్చు కూడా దీని మీదే వేయాలి. సౌకర్యం కోసం పెట్టుకుంటామంటే అది వేరే మాట, ఎవరి ఇష్టం వాళ్లది. బిల్లు సగం చేస్తానని చెప్పి అమ్మడం మాత్రం తప్పు.

మీ యూనిట్లు ఎక్కడ పోతున్నాయో చూసే ముందు, మీ బిల్లులోని ఒక విషయం తెలుసుకోవాలి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల ప్రకారం, నెల వాడకం నూరు దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయలు, తర్వాతి వంద యూనిట్లకు 4.80. వాడకం 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. మొత్తం 200 యూనిట్లకూ 5.10 చొప్పున వేస్తారు, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆ తర్వాత 800 దాకా 9.50. అంటే సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు రెండొందల రూపాయల పైన! గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకు కూడా ఈ 200 గీతే ప్రాణం. మీరు మామూలు నెలల్లో ఆ గీతకు ఇరవై అయిదు యూనిట్ల అవతల ఉన్నారు. మీ పనంతా ఆ ఇరవై అయిదు యూనిట్లు తగ్గించి 200 లోపుకు దిగడమే.

దించేవి ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్నది, అదే గాలిని 30 వాట్లకు అటూ ఇటూగా ఇస్తుంది. ఐదూ మార్చక్కర్లేదు. హాల్లోదీ, మీరు, అత్తయ్య పడుకునే గదుల్లోవీ మార్చండి, అవే రోజుకు పన్నెండు గంటలు తిరిగేవి. మూడు ఫ్యాన్లు, ఒక్కోదాని మీద 45 వాట్ల తేడా, నెలకు 48 యూనిట్లు మిగులుతాయి. 225 కాస్తా 177 అవుతుంది. ఇప్పుడు పై ధరలతో గుణించి చూడండి. 225 యూనిట్లకు 1,212 రూపాయలు పడేది 177కు 710 పడుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ వగైరాలు పక్కన పెట్టినా ఐదొందలు తగ్గింది. ఒక్కో ఫ్యాన్ మూడు వేల దగ్గర దొరుకుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఫ్యాన్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి అప్పుడు ఇంత మిగలదు. అయినా రెండేళ్లలోపే పెట్టుబడి తిరిగొస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, కొనేటప్పుడు ఐదు స్టార్లు చూసుకోండి. బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైన్లోంచి తీసేయించండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు రెగ్యులేటర్ పనికిరాదు, పాడవుతుంది. స్పీడు మామూలుగా రిమోట్‌తో మార్చాలి. అత్తయ్యకు రిమోట్ ఇబ్బందైతే, గోడకు బిగించుకునే కంట్రోల్‌తో వచ్చే మోడళ్లు కూడా ఉన్నాయి, దుకాణంలో అడిగి చూడండి.

మే నెల సంగతి ఏసీది. 225 నుంచి 430కి పెరిగిన ఆ 205 యూనిట్లలో చాలా భాగం అదే కాల్చింది. ఎంత మీద పెడుతున్నారో మీరు రాయలేదు. చాలా ఇళ్లలో పడుకోబోయే ముందు 20 మీద పెట్టి, తెల్లవారుజామున చలేసి దుప్పటి కప్పుకుంటారు. ఏసీని ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన పెట్టింది అందుకే. మీది అంతకుముందు కొన్నది కాబట్టి ఆ పని మీరే చేయాలి. 25 మీద పెట్టి, పైన కొత్త ఫ్యాన్‌ను మధ్యస్థంగా తిప్పండి. ఇరవై మీద పెట్టే అలవాటుంటే యాభై యూనిట్ల దాకా ఇక్కడే మిగులుతాయి. ఫిల్టర్లు రెండు వారాలకొకసారి కడగండి. ఫ్యాన్లు, ఏసీ కలిపి 430 కాస్తా 332కు వచ్చిందంటే, పై ధరల ప్రకారం ఆ ఒక్క నెలలోనే 900 రూపాయలు తక్కువ కట్టినట్టు.

ఏసీకి స్మార్ట్ పరికరం అవసరమా? రిమోట్‌లో ఉన్న స్లీప్ బటన్, టైమర్ వాడుకుంటే అవసరం లేదు. తెల్లవారి నాలుగింటికి ఆగిపోయేలా టైమర్ పెట్టి పడుకోండి, గది ఆరింటి దాకా చల్లగానే ఉంటుంది. మీ అబ్బాయి మనసు నొప్పించకూడదనుకుంటే, రిమోట్ పనిని ఫోన్‌కు అప్పగించే ఐఆర్ బ్లాస్టర్ అనే చిన్న డబ్బా పంపమనండి, వెయ్యి, పదిహేనొందల్లో వస్తుంది. అర్ధరాత్రి రెండింటికి 27కు పెంచు, నాలుగున్నరకు ఆపు అని ఒక్కసారి చెబితే రోజూ చేస్తుంది. స్లీప్ బటన్ నొక్కడం మర్చిపోయే ఇళ్లలో అది నిజంగానే పనికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఏసీని స్మార్ట్ ప్లగ్‌తో (సాకెట్‌లో పెట్టి, ఫోన్‌తో గానీ టైమర్‌తో గానీ కరెంటు ఆన్, ఆఫ్ చేసే ప్లగ్) నేరుగా కరెంటు తీసేసి ఆపకూడదు. కంప్రెసర్‌కు అది మంచిది కాదు.

గీజర్ల విషయంలో భయపడేంత లేదు. 25 లీటర్ల నీళ్లు 22 డిగ్రీల నుంచి 55కు కాగడానికి ఒక యూనిట్ లోపే పడుతుంది, 2,000 వాట్ల గీజరుకు అరగంట పని. కాగాక థర్మోస్టాట్ అదే ఆపేస్తుంది. నష్టం ఎక్కడంటే, పొద్దున వేసింది సాయంత్రం దాకా మర్చిపోతే. పాత గీజరు రోజంతా ఆన్‌లో ఉంటే, ఒక్క చెంబు నీళ్లు వాడకపోయినా, వేడి నిలుపుకోవడానికే అర యూనిట్ నుంచి యూనిట్ దాకా తినేస్తుంది. రెండు గీజర్లు, నెల రోజులు అనుకుంటే అది చిన్న సంఖ్య కాదు. ఈ మర్చిపోయే చోట స్మార్ట్ ప్లగ్ అక్కరకొస్తుంది. ఐదింటికి ఆన్, ఐదున్నరకు ఆఫ్, మళ్లీ ఎవరైనా లేటుగా స్నానం చేసేవారుంటే వాళ్ల వేళకు ఇంకో అరగంట. కానీ కచ్చితంగా 16 ఆంప్స్‌దే కొనండి. 2,000 వాట్ల గీజరు 9 ఆంప్స్ దాకా లాగుతుంది, 10 ఆంప్స్ ప్లగ్ వేడెక్కి ప్లాస్టిక్ కరిగే ప్రమాదం ఉంది. దాన్ని నీళ్లు చిందే చోట పెట్టకండి. సాకెట్ వదులుగా ఉన్నా, మాడిన గుర్తులున్నా ముందు అది మార్పించండి, ఎర్త్ చూపించండి. కరెంటు ఆదా కంటే ఇది ముఖ్యం.

మోటారుకు స్మార్ట్ ప్లగ్ వద్దు. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ప్లగ్ తట్టుకోలేదు. ట్యాంకు నిండగానే ఆపే వాటర్ లెవల్ కంట్రోలర్ మన ఊళ్లలో ఎప్పటినుంచో దొరుకుతోంది, ఇంటర్నెట్‌తో పని లేదు. మీ ట్యాంకు పొంగి పక్కింటి గోడ మీద పడుతుంటే అది పెట్టించండి, కరెంటుతో పాటు నీళ్లూ మిగులుతాయి. సంపులో నీళ్లు అయిపోతే మోటారును ఆపే రకం తీసుకుంటే మోటారు కాలిపోకుండా ఉంటుంది.

ఇక పన్నెండేళ్ల ఫ్రిజ్. దీని మీద ఇప్పుడే తీర్పు చెప్పలేను, కొలవాలి. యూనిట్లు చూపించే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ ఒక్కటే కొనండి, పదిహేనొందల లోపు వస్తుంది. మీ అబ్బాయి డబ్బుతో మొదట కొనాల్సింది అదే. గీజరుకు పెట్టే ముందు దాన్ని మూడు రోజులు ఫ్రిజ్‌కు పెట్టి చూడండి. కొలవడానికి మాత్రమే, టైమర్ పెట్టి ఫ్రిజ్‌ను ఆపడానికి కాదు. రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపితే పాలు విరుగుతాయి, పొద్దున మళ్లీ చల్లబడడానికి మిగిల్చిందంతా తిరిగి లాగేస్తుంది. మూడు రోజుల సగటును 365తో గుణించండి. దుకాణంలో అంతే సైజు ఐదు స్టార్ల ఫ్రిజ్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అచ్చు వేసి ఉంటుంది, దానితో పోల్చండి. తలుపు రబ్బరు వదులైపోయి కూడా ఎక్కువ కాలుస్తుండవచ్చు. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చితే చాలు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకొకటుంది, ఇది ఈ రాత్రే చేయండి. అందరూ పడుకునే ముందు లైట్లు, ఫ్యాన్లు, ఏసీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ కాసేపు తీసి, మీటరు దగ్గరికి వెళ్లండి. మీటరు మీద ఒక ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది. పక్కనే 3200 ఇంపల్స్ అనో, 1600 అనో ముద్రించి ఉంటుంది, అంటే అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్. 3200 మీటరైతే, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగించండి. వచ్చేది ఆ నిమిషాన మీ ఇల్లు లాగుతున్న వాట్లు. పది సెకన్లకొకసారి మిణుకుమంటే 112 వాట్లు, అదే నెలంతా సాగితే 80 యూనిట్లు! అంతా ఆపాక కూడా అంత వస్తోందంటే సెట్‌టాప్ బాక్స్, ఇన్వర్టర్, రూటరు, ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే ఛార్జర్లు ఒక్కొక్కటీ తీసి చూడండి. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపినా దాదాపు ఆన్‌లో ఉన్నంతే తాగే రకాలున్నాయి, గోడ స్విచ్ దగ్గర ఆపాలి. అన్నీ తీసేసినా మిణుకులు ఆగకపోతే వైరింగులో లీకేజీ ఉండొచ్చు, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ పని మీ అమ్మాయికి అప్పగించండి, ఇంటర్‌లో ఫిజిక్స్ తీసుకుని ఉంటే ఇష్టంగా చేస్తుంది.

అత్తయ్య గురించి రాశారు, అది చదివి సంతోషమనిపించింది. ముందు ముందు ఏం పెట్టినా గోడ మీది స్విచ్ ఎప్పట్లాగే పని చేయాలని గట్టిగా చెప్పండి. ఇంటర్నెట్ పోయిన రాత్రి పెద్దావిడ చీకట్లో కూర్చోకూడదు. ఆమె కోసం మాత్రం ఒక సెన్సర్ కొనండి. మంచం నుంచి బాత్‌రూముకు వెళ్లే దారిలో, మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు. అది బిల్లేమీ తగ్గించదు. రాత్రిపూట కాలు జారకుండా కాపాడుతుంది, ఆ డబ్బుకు అంతకంటే మంచి వాడకం నాకు తోచడం లేదు.

మూడు ఫ్యాన్లు, ఒక ప్లగ్, ఐఆర్ బ్లాస్టర్, ఆ లైటు అన్నీ కలిపినా పద్నాలుగు వేల లోపే. మిగిలిన డబ్బు కూడా ఇంటి కోసమే పెట్టాలని మీ అబ్బాయి పట్టుదల అయితే, మేడ మీద నీడ పడని జాగా ఉందేమో చూడమనండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల సోలార్‌కు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది. ఫ్యాన్లు మార్చాక మీ వాడకం 180 దగ్గరికి వస్తే 2 కిలోవాట్లు చాలు. అందుకే ముందు వాడకం తగ్గించి, తర్వాత సోలార్ సైజు తేల్చుకోవాలి. పథకం పోర్టల్‌లో నమోదైన ఇద్దరు ముగ్గురు వెండర్ల కొటేషన్లు తీసుకుని, సబ్సిడీ పోగా మీ చేతి నుంచి ఎంత పడుతుందో ఆ 85 వేల పక్కన పెట్టి చూడండి.

రాత్రి మీటరు మిణుకుల లెక్క, ఫ్రిజ్ మూడు రోజుల యూనిట్లు, గత ఏడాది పన్నెండు బిల్లుల్లోని యూనిట్లు రాసి పంపండి. ఫ్రిజ్ ఉంచాలో మార్చాలో, సోలార్ రెండు కిలోవాట్లా మూడా అన్నది అవి చూశాక చెప్తాను.